నొక్కారా సార్?

మాది మెడికల్ షాపు. నూజివీడు వైపు ఓ చిన్న టౌనులో, బస్టాండు ఎదురుగా ఉంటుంది. నాన్న మొదట్లో ఓ డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. తర్వాత 1984లో సొంతంగా ఈ షాపు పెట్టారు. ఊళ్లో సగం మంది ఆయన్ని ‘డాక్టరు గారూ’ అనే పిలిచేవారు. ‘నేను డాక్టర్ని కాదయ్యా బాబూ’ అని ఆయన అంటూనే ఉండేవారు, వాళ్లు అలా పిలుస్తూనే ఉండేవారు.

చిన్నప్పుడు బడి అయిపోగానే షాపుకొచ్చి కూర్చునేవాణ్ణి. అన్ని అరలూ సర్దనిచ్చేవారు కానీ ఒక్క దాని మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. వెలుతురు తగలని మూలలో చిన్న అట్టపెట్టె, అందులో గోధుమరంగు గాజు ఆంపుల్స్. చిటికెన వేలంత ఉండేవి. లోపల ఒక్క మిల్లీలీటరు, చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. అదే అడ్రినలిన్. చుట్టుపక్కల నర్సింగ్‌హోముల వాళ్లు చీటీ పంపిస్తే ఇచ్చేవాళ్లం.

‘ఇది అమ్ముకునే మందు కాదురా, ఉంచుకునే మందు. ఆగిపోయిన గుండెని కదిలిస్తుంది’ అనేవారు నాన్న.

ఆంపుల్ ఎలా విరవాలో కూడా ఆయనే నేర్పారు. మెడ దగ్గర చిన్న ఆకురాయితో గీసి, దూది చుట్టి, మన వైపు కాకుండా అవతలి వైపుకి విరవాలి. దూది లేకుండా విరిస్తే వేలు తెగుతుంది. పదేళ్ల పిల్లాడికి అదేదో మంత్రం నేర్పినట్టు ఉండేది. సంజీవని కోసం హనుమంతుడు కొండనే మోసుకొచ్చాడట, మా షాపులో అట్టపెట్టెలోనే ఉంది అనుకునేవాణ్ణి. ఆ నమ్మకంతోనే పెరిగాను, బి.ఫార్మసీ చదివాను, షాపులో కూర్చున్నాను.

2017 ఆగస్టు. శ్రావణ మాసం, ఆదివారం పొద్దున్న. రాత్రి నుంచి వాన పడుతూనే ఉంది. షాపుకి వెనకే మా ఇల్లు. నాన్న వరండాలో వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. అప్పటికి ఆయనకి 71 ఏళ్లు. బీపీ ఉంది కానీ మందులు తప్పకుండా వేసుకునేవారు. నేను లోపల కాఫీ తాగుతున్నాను. ‘ఒరేయ్!’ అని అమ్మ అరిచింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వెళ్లేసరికి నాన్న కుర్చీలోంచి కిందికి జారిపోయి ఉన్నారు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. నోటితో ఒక్కసారి పెద్దగా గాలి పీల్చుకున్నారు, గురక పెట్టినట్టు. కాసేపటికి మళ్లీ ఇంకోసారి.

‘ఊపిరి ఉందమ్మా, భయపడకు’ అన్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి తప్పు కాకపోవచ్చు కానీ, అతి పెద్ద తప్పు అదే.

పక్కింటి కుర్రాణ్ణి 108కి ఫోన్ చెయ్యమని చెప్పి, నేను షాపుకి పరిగెత్తాను. షట్టరు తాళం. తాళంచెవి ఇంట్లో. మళ్లీ వెనక్కి పరుగు. తాళం తీసి, షట్టరు సగం ఎత్తి, కింద నుంచి దూరి, చీకట్లో తడుముకుంటూ సార్బిట్రేట్ స్ట్రిప్పు, సిరంజి, ఆ మూలనున్న అట్టపెట్టె తీసుకుని వచ్చాను. ఇప్పుడు లెక్కేసుకుంటే ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. అమ్మ నాన్న అరికాళ్లు రుద్దుతోంది. ఎవరో మొహం మీద నీళ్లు చల్లారు. ఇంకెవరో విసనకర్రతో విసురుతున్నారు. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నాం. అందరం ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాం.

నాలుక కింద సార్బిట్రేట్ పెట్టాను. ఆంపుల్ తీసి విరిచాను. దూది మర్చిపోయాను. బొటనవేలు తెగి రక్తం కారింది. మందు సిరంజిలోకి లాగాను. మోచేతి దగ్గర నరం కోసం వెతికాను. ఎంత వెతికినా చేతికి దొరకలేదు. ఎన్నో ఏళ్లు కాంపౌండరుగా ఊరందరికీ నరం పట్టిన చెయ్యి నాన్నది. ఆయన చేతిలోనే నాకు నరం దొరకలేదు. మందు చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయాను.

ఫోన్ చేసిన పద్నాలుగు నిమిషాలకి 108 వచ్చింది. ఆ వానకి, మా రోడ్లకి అది ఆలస్యమేమీ కాదు. అందులోంచి దిగిన అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. నా చేతిలో సిరంజి చూసింది. మందు గురించి అడుగుతుందనుకున్నాను.

‘నొక్కారా సార్?’ అంది.

నాకు అర్థం కాలేదు. ‘ఏంటమ్మా?’ అన్నాను.

‘ఛాతీ. ఎవరైనా నొక్కారా?’

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. ‘కాస్త పక్కకి జరగండి’ అని, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నాన్న ఛాతీ మధ్యలో ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. పైకి లెక్కపెడుతూ, గట్టిగా, ఆగకుండా. బండి నడిపే అతను తల దగ్గర కూర్చుని మాస్కు, బ్యాగుతో గాలి కొట్టాడు. షాక్ ఇచ్చే మిషన్ తగిలించారు. షాక్ అవసరం లేదని మిషన్ చెప్పింది. అప్పుడు నాకది మంచి కబురులా వినిపించింది. కరెంటు షాక్‌తో సరిచెయ్యడానికి గుండెలో కనీసం గజిబిజి కదలికైనా ఉండాలని, మిషన్ వద్దందంటే అది కూడా లేదనేనని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతే మందు పెట్టె తెరిచారు. ఫోన్‌లో డాక్టరు చెబుతుంటే చేతికి కాన్యులా పెట్టి అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఎక్కించారు. నాకు దొరకని నరం ఆ అమ్మాయికి దొరికింది. వెనకే సెలైన్ తోసి చెయ్యి పైకెత్తారు. మళ్లీ నొక్కడం. నాలుగు నిమిషాలకి మరో ఆంపుల్. మూడో ఆంపుల్ తర్వాత మెడ దగ్గర వేళ్లు పెట్టి, ‘పల్స్ వచ్చింది’ అంది.

అమ్మ ఆ అమ్మాయి కాళ్ల మీద పడబోయింది. నేను మాత్రం ఆ ఖాళీ ఆంపుల్స్ వంక చూశాను. నాన్న చెప్పింది నిజమే. ఆగిన గుండె కదిలింది.

విజయవాడలో ఆరు రోజులు ఐసీయూలో ఉంచాం. గుండె కొట్టుకుంటూనే ఉంది. మిషన్‌తో ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరవలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉండేది. నాలుగో రోజు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ‘గుండె తిరిగొచ్చింది. మెదడు రాలేదు’ అన్నారు. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల నుంచే మెదడు దెబ్బతినడం మొదలవుతుందట. ఆరో రోజు నాన్న పోయారు.

ఏడాది పాటు అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న. ‘ఆ ఇంజెక్షనేదో నువ్వు ముందే ఇచ్చుంటే ఆయన లేచి కూర్చునేవారేమో కదరా?’ ఆవిడ నన్ను తప్పుపట్టడానికి అడగలేదు. పైకి అనుకుంటోంది, అంతే. కానీ ప్రతిసారీ నా బొటనవేలు సలిపేది. షట్టరు తాళం దగ్గర పోయిన టైము, నరం వెతుకుతూ పోయిన టైము... రాత్రుళ్లు ఇదే లెక్క. ఇంకాస్త త్వరగా మందు ఎక్కించి ఉంటే అని.

2018లో నాన్న సంవత్సరీకానికి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ చేస్తోంది. భోజనాలయ్యాక షాపులోకి వచ్చి కూర్చుంది. ఆ అట్టపెట్టె చూసి, ‘ఇంకా ఉంచావా మావయ్యా?’ అంది. ఏడాదిగా ఎవరికీ చెప్పనిదంతా దానికి చెప్పాను. మందు ఆలస్యం చేశాననే చెప్పాను.

అది కాసేపు ఊరుకుని, ‘మావయ్యా, నీకు నరం దొరికి ఉంటే మాత్రం ఆ మందు ఎక్కడికి వెళ్లేది?’ అంది.

‘గుండెకి.’

‘ఎలా? గుండె ఆగింది. రక్తం కదలట్లేదు. చేతిలో ఎక్కించిన మందు చేతిలోనే ఉండిపోతుంది. ఎవరో ఒకరు ఛాతీ నొక్కుతుంటేనే అది గుండె దాకా వెళ్తుంది.’

బి.ఫార్మసీ చదివినవాణ్ణి. అడ్రినలిన్ ఏ గ్రాహకం మీద ఎలా పనిచేస్తుందో పరీక్షలో పేజీలు రాసినవాణ్ణి. కాళ్లూ చేతుల్లోని రక్తనాళాల్ని బిగించి, గుండె కండరానికి రక్తం ఎక్కువ అందేలా చేస్తుందని నాకు తెలుసు. కానీ బిగించడానికైనా అక్కడ రక్తం పారుతుండాలన్న సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

అప్పటికి నెల క్రితమే వచ్చిన ఓ పెద్ద పరిశోధన గురించి చెప్పింది. బ్రిటన్‌లో ఐదు అంబులెన్స్ సర్వీసులు కలిసి, ఆసుపత్రి బయట గుండె ఆగిపోయిన 8014 మంది మీద చేశారు. సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఏది ఏదో ఇచ్చేవాళ్లకి కూడా తెలియదు. సంజీవనికి ఇలా పరీక్ష పెట్టడమేమిటని నాకు కోపమొచ్చింది. కానీ వందేళ్లకు పైగా వాడుకలో ఉన్నా, నిజంగా మనిషిని ఇంటికి పంపుతుందా లేదా అని ఇంత పెద్ద ఎత్తున సరిచూసింది అప్పుడేనట.

ఫలితం? మందు ఇచ్చినవాళ్లలో నూటికి 36 మందికి గుండె మళ్లీ కొట్టుకుంది. ఉప్పునీళ్లు ఇచ్చినవాళ్లలో సుమారు 12 మందికే. ఇక్కడి దాకా నాన్న చెప్పిందే నిజం. కానీ నెల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్లలో బతికున్నది 3.2 శాతం, తీసుకోనివాళ్లలో 2.4 శాతం. తేడా ఉంది, కానీ అంతే. పైగా బతికినవాళ్లలో మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు మందు తీసుకున్న వైపు 31 శాతం, తీసుకోని వైపు 17.8 శాతం. మనిషి మళ్లీ మామూలుగా తన పని తాను చేసుకునే స్థితికి రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడి అంబులెన్సులు ఏడు నిమిషాల లోపే వచ్చినా, మందు ఎక్కేసరికి ఫోన్ చేసి సుమారు 21 నిమిషాలైంది.

‘అంటే ఆ మందు దండగా?’ అన్నాను.

‘దండగని ఎవరూ అనట్లేదు. మేమూ ఇస్తున్నాం, ఇస్తాం. షాక్ పనికిరాని గుండెకైతే వీలైనంత త్వరగా ఇవ్వమనే చెబుతారు. కానీ మందు గుండెని మాత్రమే లేపుతుంది. అప్పటిదాకా మెదడుని కాపాడేది చేతులే’ అంది. తర్వాత సంచిలోంచి కాగితం తీసి నాలుగు అంకెలు రాసింది. ఆ పరిశోధన రాసినవాళ్లే ఇచ్చిన పోలికట అది. అదనంగా ఒక్క ప్రాణం దక్కాలంటే 112 మందికి అడ్రినలిన్ ఇవ్వాలి. అదే, గుండె ఆగిందని వెంటనే గుర్తుపడితే 11 మందిలో ఒక ప్రాణం అదనంగా దక్కుతుంది. పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కితే 15 మందిలో ఒకటి. త్వరగా షాక్ ఇవ్వగలిగితే ఐదుగురిలో ఒకటి.

112, 11, 15, 5. ఆ కాగితం ఇప్పటికీ షాపు గల్లాపెట్టె అద్దం కింద ఉంది.

షాక్ పనిచేసే రకం గుండెకి అమియోడరాన్ అనే ఇంకో మందు ఇస్తారు. దాని మీద అమెరికా, కెనడాల్లో 3026 మందితో జరిగిన పరిశోధన 2016లో వచ్చింది. అందులోనూ మొత్తం మీద పెద్ద తేడా రాలేదట. ఎవరో ఒకరు చూస్తుండగా కూలిపోయినవాళ్లలో మాత్రం మందు మెరుగ్గా పనిచేసింది. అంటే మందుకి కూడా కాలంతోనే లెక్క. ముందున్న నిమిషాలు బాగుంటేనే దాని చేతికి పనుంటుంది.

ఆ సాయంత్రం దానిచేత ఇంకోటి కూడా చెప్పించుకున్నాను. నాన్న గురక. ‘అది ఊపిరి కాదు మావయ్యా’ అంది. గుండె ఆగాక చాలామందికి మొదటి నిమిషాల్లో అలాంటి ఎగశ్వాస ఉంటుంది. దాన్ని చూసే అందరూ ఊపిరి ఉందనుకుంటారు. ఎగశ్వాస! మన ఇళ్లలో పెద్దవాళ్ల నోట ఎన్నిసార్లు విన్న మాట అది. చావు ముందు వచ్చే ఊపిరికి మనకో పేరే ఉంది. పేరు తెలిసి కూడా ఆ రోజు గుర్తుపట్టలేకపోయాను.

అమ్మకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. రాత్రి అన్నం తింటుంటే చెప్పాను. ‘అమ్మా, మందు ఆలస్యమవ్వలేదు. మందు కోసం నేను వెళ్లకుండా ఉండాల్సింది. అక్కడే కూర్చుని నాన్న ఛాతీ నొక్కి ఉండాల్సింది. చేసి ఉంటే దక్కేవారని చెప్పలేను. కానీ చెయ్యలేదు.’

అమ్మ చాలాసేపు కంచంలోకే చూసింది. తర్వాత అంది, ‘మందు కోసం పరిగెత్తమని నీకు నేర్పింది ఆయనేగా. ఆయన ఉన్నా అదే చేసుండేవారు.’ మజ్జిగ పోసి, ‘ఆ నొక్కడమేదో నాకూ చూపించు’ అంది.

మర్నాడు మంచం మీది దిండు కింద పెట్టి అమ్మకి చూపించాను. 66 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా కూర్చుని ముప్పై లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

అప్పటి నుంచి షాపుకొచ్చేవాళ్లకి వీలున్నప్పుడల్లా ఇదే చెబుతున్నాను. మన దగ్గర ‘గుండె’ అనగానే సార్బిట్రేట్ అడుగుతారు. జేబులో పెట్టుకు తిరుగుతారు. ముందు రెండింటికీ తేడా తెలుసుకోవాలి. గుండెపోటు అంటే రక్తనాళం పూడుకుపోవడం. మనిషి నొప్పి అంటాడు, చెమటలు పడతాయి, మాట్లాడతాడు. అక్కడ మాత్రలకి పనుంది, అదీ డాక్టరు చెబితే. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె ఆగిపోవడం. మనిషి కూలిపోతాడు, పలకడు, ఊపిరి ఆడదు, లేదా ఎగశ్వాస. స్పృహ లేని మనిషి నోట్లో మాత్ర కాదు కదా, నీళ్లు కూడా పొయ్యకూడదు. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఒకరు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య అరచేతి మడమ పెట్టి, మోచేతులు వంచకుండా ఐదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని మళ్లీ పూర్తిగా పైకి రానివ్వాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు.

2005 ఆగస్టు 15న మన దగ్గర 108 మొదలైనప్పుడు నాన్న ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. ‘ఇక ఊళ్లోకే ఆసుపత్రి వస్తుందిరా’ అన్నారు. వస్తుంది. కానీ అది వచ్చేదాకా ఆసుపత్రి మనమే. 2023లో హైదరాబాద్‌లో ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద కూలిన మనిషికి సీపీఆర్ చేసిన వీడియో అందరూ చూశారు. ఆయన దగ్గర ఏ మందూ లేదు.

ఇప్పటికి రెండుసార్లు ‘గుండెకి ఇంజెక్షన్ ఇవ్వండి’ అంటూ షాపుకి పరిగెత్తుకొచ్చారు. రెండుసార్లూ అట్టపెట్టె వైపు చూడలేదు. గల్లా వదిలేసి, ఖాళీ చేతులతో వాళ్ల వెంట పరిగెత్తాను. మొదటిసారి ఆ మనిషి దక్కలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. కానీ నాన్న పోయినప్పటిలాంటి రాత్రి కాదది.

రెండోసారి బస్టాండు దగ్గర మామిడికాయల లారీ దింపే బాబాయ్. పడిపోయిన నిమిషంలోపే నొక్కడం మొదలైంది. నేనూ, ఇద్దరు హమాలీలూ మార్చి మార్చి చేశాం. 108 రాగానే షాక్ ఇచ్చారు, తర్వాత ఇంజెక్షన్ ఎక్కించారు. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున మందుల చీటీ పట్టుకుని మా షాపుకే వస్తాడు. డిస్కౌంట్ దగ్గర బేరమాడతాడు. వచ్చిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లకి చెబుతాడు, ‘ఆ 108 వాళ్లు ఏం ఇంజెక్షన్ ఇచ్చారో గానీ, దెబ్బకి లేచి కూర్చున్నా.’

‘మంచి మందే బాబాయ్’ అంటాను నేను. ఆయన చెప్పేది అబద్ధమేమీ కాదు. మందు కూడా తన పని తాను చేసింది.

కానీ పోయిన నెల వచ్చినప్పుడు కూడా ఆయన కొడుకు వచ్చాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. మందులు కవరులో వేసిచ్చి, ‘ఏరా, నీకు నొక్కడం వచ్చా?’ అని అడిగాను.

తెల్లమొహం వేశాడు.

‘లోపలికి రా. పది నిమిషాలు పడుతుంది’ అన్నాను.